ఒకే జట్టు గెలుస్తుంటే ఆటకు మేలా, కీడా?

ఏ ఆటలోనైనా ఒక జట్టు ఏళ్ల తరబడి గెలుస్తూ పోతుంటే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "గెలిచేది ఎలాగూ వాళ్లే, ఇంక చూడటమెందుకు?" అని కొందరు పెదవి విరుస్తారు. "ఇలాంటి జట్టు మళ్లీ పుట్టదు, ఉన్నప్పుడే చూడాలి" అని మరికొందరు టికెట్ల కోసం పరుగెడతారు. ఇద్దరి మాటకూ చరిత్రలో సాక్ష్యాలున్నాయి. ఒక జట్టు జోరుకు తట్టుకోలేక ఒక లీగే చతికిలపడింది. ఒక మొనగాడిని చూడటానికి జనం ఎగబడితే టోర్నీ రోజులనే పెంచాల్సి వచ్చింది. మరి ఏ ఆధిపత్యం జనాన్ని రప్పిస్తుంది? ఏది ఇంటికి పంపిస్తుంది? ఈ విశేషాలు చదువుతూ పోతే తేడా ఎక్కడుందో మీకే తెలుస్తుంది.

ప్రత్యర్థి లేని ఛాంపియన్‌కు సంపాదన లేదు

1936 జూన్‌లో న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియంలో అమెరికా బాక్సర్ జో లూయిస్‌ను జర్మనీకి చెందిన మాక్స్ ష్మెలింగ్ 12వ రౌండ్‌లో పడగొట్టాడు. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లోకి వచ్చాక లూయిస్‌కు అదే మొదటి ఓటమి. 1938 జూన్ 22న అదే స్టేడియంలో ఇద్దరూ మళ్లీ తలపడ్డారు. దాదాపు 70 వేల మంది వచ్చారు. పోరు మాత్రం 124 సెకన్లలోనే ముగిసింది. ఈసారి కింద పడింది ష్మెలింగ్.

ఈ ఇద్దరి పేర్లూ కలిసి ఆర్థికశాస్త్రంలోకి ఎక్కాయి. వాల్టర్ నీల్ అనే ఆర్థికవేత్త 1964లో రాసిన వ్యాసంలో దీన్ని 'లూయిస్-ష్మెలింగ్ వైరుధ్యం' అన్నాడు. మామూలు వ్యాపారికి పోటీదారు లేకపోతే పండగే. ఆటలో అలా కాదు. గట్టి ప్రత్యర్థి లేకపోతే ఛాంపియన్ ఎవరితో పోరాడాలి, జనం దేనికి డబ్బు కట్టాలి? లూయిస్ జేబు నిండాలంటే ష్మెలింగ్ లాంటివాడు ఒకడు ఉండి తీరాలి. ఫలితం ముందే తెలియకపోవడమే ఆటకు ప్రాణమని సైమన్ రాటెన్‌బర్గ్ అంతకుముందే, 1956లో, బేస్‌బాల్ ఆటగాళ్ల జీతాల గురించి రాస్తూ వాదించాడు. క్రీడల ఆర్థికశాస్త్రమంతా ఈ రెండు వ్యాసాల మీదే లేచింది.

గెలిచి గెలిచి లీగ్‌కే ఎసరు పెట్టారు

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలో ఎన్ఎఫ్ఎల్‌కు పోటీగా ఆల్-అమెరికా ఫుట్‌బాల్ కాన్ఫరెన్స్ అనే కొత్త లీగ్ 1946లో మొదలైంది. పాల్ బ్రౌన్ కోచ్‌గా ఉన్న క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టు మొదటి ఏడాదే కప్పు కొట్టింది. 1947లోనూ వాళ్లే, 1948లోనూ వాళ్లే, 1949లోనూ వాళ్లే. నాలుగు సీజన్లు మొత్తం కలిపి ఓడింది నాలుగంటే నాలుగు మ్యాచ్‌లు. 1948లో ఒక్కటి కూడా ఓడలేదు.

మరి క్లీవ్‌లాండ్ జనం పండగ చేసుకున్నారా? మొదట్లో చేసుకున్నారు. 1946 ఫైనల్‌కు సొంతగడ్డ మీద 40 వేల మందికి పైగా వచ్చారు. 1949లో అదే ఊళ్లో, అదే స్టేడియంలో జరిగిన ఫైనల్‌కు వచ్చినవాళ్లు 23 వేల లోపే. ఎవరి జట్టు గెలుస్తోందో ఆ ఊరివాళ్లే రావడం మానేశారు! ఆటగాళ్ల కోసం రెండు లీగ్‌లూ పోటాపోటీగా జీతాలు పెంచడం కూడా దెబ్బ తీసింది. చివరికి 1949 డిసెంబరులో కొత్త లీగ్ మూతపడింది. అందులోంచి మూడు జట్లు ఎన్ఎఫ్ఎల్‌లో చేరాయి.

ఆ తర్వాత జరిగిందే అసలు విశేషం. 1950 సెప్టెంబరు 16న బ్రౌన్స్ తమ తొలి ఎన్ఎఫ్ఎల్ మ్యాచ్‌లో వరుసగా రెండుసార్లు విజేత అయిన ఫిలడెల్ఫియా ఈగల్స్‌ను ఎదుర్కొన్నారు. ఆ ఒక్క మ్యాచ్‌కు 71 వేల మంది వచ్చారు. బ్రౌన్స్ 35-10తో గెలిచారు, ఆ ఏడాది కప్పూ పట్టుకెళ్లారు. ఏడాది కిందట వీళ్ల కోసం 23 వేల మంది కూడా రాలేదు. జట్టు మారలేదు, ఆట మారలేదు. ఎదుట నిలిచినవాడు మారాడు.

కోపం కూడా టికెట్టు కొంటుంది, కొన్నాళ్లు

బేస్‌బాల్‌లో న్యూయార్క్ యాంకీస్ 1949 నుంచి 1964 వరకు 16 సీజన్లలో 14 సార్లు అమెరికన్ లీగ్ విజేతలు. 1949 నుంచి 1953 వరకు అయితే వరుసగా ఐదు వరల్డ్ సిరీస్‌లు గెలిచారు. మిగతా ఊళ్ల అభిమానుల కడుపుమంట ఏ స్థాయికి చేరిందంటే, యాంకీస్‌ను ఓడించడానికి ఒక నడివయసు అభిమాని సైతానుకు ఆత్మను తాకట్టు పెట్టే కథతో డగ్లస్ వాలప్ 1954లో నవలే రాశాడు. అదే ఏడాది యాంకీస్ నిజంగానే లీగ్ టైటిల్ పోగొట్టుకున్నారు. మరుసటి ఏడాది ఆ నవల బ్రాడ్‌వే నాటకమై జనాన్ని ఉర్రూతలూగించింది. గెలిచే జట్టు మీద కోపం కూడా ఒక రకమైన అభిమానమే. వాళ్లు ఓడిపోయే రోజు కోసం కోపిష్టి అభిమాని కూడా స్టేడియానికి వస్తాడు.

అయితే దీనికీ ఒక హద్దుంది. 1957 సీజన్ ముగిశాక న్యూయార్క్‌లోని మరో రెండు పెద్ద జట్లు డాడ్జర్స్, జెయింట్స్ ఊరొదిలి కాలిఫోర్నియాకు వెళ్లిపోయాయి. అంత పెద్ద నగరంలో యాంకీస్ ఒక్కరే మిగిలారు. అభిమానులంతా వాళ్ల దగ్గరికే వస్తారని ఎవరైనా అనుకుంటారు. 1957లో దాదాపు 15 లక్షలున్న ప్రేక్షకుల సంఖ్య 1958లో పెరగలేదు సరికదా, 14.3 లక్షలకు తగ్గింది. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ గెలిచింది కూడా వాళ్లే!

ఒక్క మల్లుడి కోసం టోర్నీ రోజులు పెంచారు

ఇప్పుడు నాణేనికి రెండో వైపు. జపాన్ సుమోలో ఫుతబాయామా 1936 నుంచి 1939 జనవరి వరకు వరుసగా 69 కుస్తీలు గెలిచాడు. ఆ రికార్డు నేటికీ చెక్కుచెదరలేదు. అతణ్ని చూడటానికి జనం విరగబడుతుంటే, అప్పటిదాకా 11 రోజులుండే టోర్నీని 1937లో 13 రోజులకు, 1939లో 15 రోజులకు పెంచారు. పెద్ద సుమో టోర్నీలు ఇప్పటికీ 15 రోజులే జరుగుతున్నాయి. 1939 జనవరి 15న అకినోఉమి అనే కుర్రాడు అతణ్ని పడగొట్టాడు. గెలుపుల వరుస పెరిగే కొద్దీ 'ఈ రోజైనా తెగుతుందా' అన్న ఉత్కంఠా పెరిగిందన్నమాట. 69 గెలుపుల బరువంతా ఆ ఒక్క ఓటమిని చరిత్రగా మార్చింది.

పిల్లలు ఏడ్చిన రోజు

హార్లెం గ్లోబ్‌ట్రాటర్స్ బాస్కెట్‌బాల్ జట్టు విన్యాసాలతో ఊరూరా వినోదం పంచేది. వాళ్ల ఎదుటి జట్టు దాదాపు ఎప్పుడూ ఓడిపోయేదే. 1971 జనవరి 5న టెన్నెసీ రాష్ట్రంలోని మార్టిన్ అనే ఊళ్లో ఆ ప్రత్యర్థి జట్టు యజమాని, ఆటగాడు కూడా అయిన 50 ఏళ్ల రెడ్ క్లాట్జ్ చివరి క్షణాల్లో బంతిని బుట్టలో వేశాడు. స్కోరు 100-99. గ్లోబ్‌ట్రాటర్స్ ఓడిపోయారు. చప్పట్లు లేవు. హాలంతా నివ్వెరపోయింది, కొందరు పిల్లలు ఏడ్చేశారు. అక్కడికి వచ్చినవాళ్లు పోటీ కోసం రాలేదు, ప్రదర్శన కోసం వచ్చారు. ఆటను ప్రదర్శనగా చూసేవారికి ఆధిపత్యం ఇబ్బంది కాదు. ఆటను పోరాటంగా చూసేవారికే అది ఇబ్బంది.

ఫలితం తెలిసినా టీవీ కట్టేయలేదు

1997 ఏప్రిల్‌లో 21 ఏళ్ల టైగర్ వుడ్స్ మాస్టర్స్ గోల్ఫ్ టోర్నీ చివరి రోజుకు తొమ్మిది షాట్ల ఆధిక్యంతో వచ్చాడు. ఉత్కంఠ ఏమీ మిగల్లేదు. అయినా అమెరికాలో దాదాపు 4.4 కోట్ల మంది ఆ రోజు టీవీలో చూశారు. 12 షాట్ల తేడాతో గెలిచిన నల్లజాతి కుర్రాడు ఒక తెల్లవారి ఆటను మార్చేస్తున్న క్షణం అది. ఎవరు గెలుస్తారన్న ప్రశ్న పోయినా, ఎంత దూరం వెళ్తాడన్న ప్రశ్న మిగిలే ఉంది.

బాస్కెట్‌బాల్‌లో మైకేల్ జోర్డాన్ కథ కూడా ఇదే. షికాగో బుల్స్ ఎనిమిదేళ్లలో ఆరో టైటిల్ గెలిచిన 1998 ఎన్‌బీఏ ఫైనల్స్‌ను అమెరికాలో సగటున 2.9 కోట్ల మంది చూశారు. ఆ లీగ్ ఫైనల్స్‌కు నేటికీ అదే రికార్డు. జోర్డాన్ విరమించుకున్నాక 1999లో కొత్త జట్లు ఫైనల్‌కు వచ్చాయి, ప్రేక్షకులు 1.6 కోట్లకు పడిపోయారు. పోటీ సమంగా ఉంటే చాలు, జనం వాళ్లే వస్తారనుకునేవారికి ఈ అంకెలు కనువిప్పు.

స్టేడియం కప్పు మీద కూర్చుని చూశారు

ఆస్ట్రేలియా రగ్బీ లీగ్‌లో సిడ్నీకి చెందిన సెయింట్ జార్జ్ జట్టు 1956 నుంచి 1966 వరకు వరుసగా 11 టైటిళ్లు గెలిచింది. పదో టైటిల్ నాటికి జనం విసిగిపోయి ఉండాలి కదా? 1965 ఫైనల్‌కు సిడ్నీ క్రికెట్ గ్రౌండ్‌లో 78,056 మంది వచ్చారు. లోపల చోటు లేక స్టాండ్ల కప్పుల మీదికి ఎక్కారు. కారణం ఎదుటి జట్టే. సౌత్ సిడ్నీ కుర్రాళ్లు మంచి ఊపు మీదున్నారు, ఈసారి కోట కూలుతుందని నగరం నమ్మింది. సెయింట్ జార్జ్ 12-8తో గట్టెక్కింది. 1967లో బంతి పట్టుకున్న జట్టుకు నాలుగు టాకిళ్ల పరిమితి పెట్టారు. బంతిని ఎంతసేపైనా తమ దగ్గరే ఉంచుకునే పాత పద్ధతికి అడ్డుకట్ట పడింది. ఆ ఏడాదే సెయింట్ జార్జ్ పరంపర ఆగింది.

పదిహేనేళ్ల బొంబాయి, ఒక్క బెంగళూరు మ్యాచ్

మన రంజీ ట్రోఫీకి ఇంతకు మించిన ఆధిపత్యం తెలుసు. 1958-59 నుంచి 1972-73 వరకు వరుసగా 15 సార్లు కప్పు బొంబాయిదే. ఆ కాలంలో అందరికన్నా ఎక్కువ నలిగిపోయింది రాజస్థాన్. ఏడుసార్లు ఫైనల్‌కు వచ్చింది, ఏడుసార్లూ బొంబాయి చేతిలోనే ఓడింది. 1964-65లో ఫైనల్ చేరిన మన హైదరాబాద్‌కూ అదే గతి పట్టింది. 1937-38లో ఒక్క వికెట్ తేడాతో మొదటి కప్పు గెలిచిన హైదరాబాద్, రెండోది గెలవడానికి 1986-87 దాకా ఆగాల్సి వచ్చింది.

1974 మార్చిలో బెంగళూరులో బొంబాయి, కర్ణాటక జట్ల మధ్య సెమీఫైనల్ జరిగింది. గుండప్ప విశ్వనాథ్ 162, బ్రిజేశ్ పటేల్ 106 పరుగులు చేశారు. బొంబాయి బ్యాటింగ్‌లో గవాస్కర్‌ను ప్రసన్న బౌల్డ్ చేశాడు. కుదురుకున్న కెప్టెన్ వాడేకర్ రనౌట్ అయ్యాడు. తొలి ఇన్నింగ్స్ ఆధిక్యంతో కర్ణాటక ఫైనల్ చేరింది, అక్కడ రాజస్థాన్‌ను ఓడించి తొలిసారి విజేత అయింది. కర్ణాటక పాతతరం అభిమానులు ఆ సెమీఫైనల్‌ను ఫైనల్ కన్నా ఎక్కువగా తలచుకుంటారు. పదిహేనేళ్లు గెలిచిన జట్టును ఓడించారు కాబట్టే ఆ గెలుపుకు అంత విలువ.

24-1 కన్నా 1-0 గొప్పది

1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టు 29 గోల్స్ చేసి ఒక్కటి కూడా ఇవ్వలేదు. 1932లో లాస్ ఏంజెలెస్‌లో అమెరికాను 24-1తో చిత్తు చేసింది. కానీ ఆ ఏడాది హాకీకి వచ్చిన జట్లు మూడే! పోటీ అన్న మాటకే అర్థం లేని పోటీ అది.

దేశ విభజన తర్వాత పాకిస్తాన్ రూపంలో సిసలైన ప్రత్యర్థి వచ్చింది. 1956 ఫైనల్‌లో భారత్ 1-0తో గెలిచింది. 1960లో రోమ్‌లో పాకిస్తాన్ 1-0తో గెలిచి, ఆరు వరుస స్వర్ణాల భారత్ జైత్రయాత్రను ఆపింది. 1964లో టోక్యోలో భారత్ 1-0తో బదులు తీర్చుకుంది. మూడు ఒలింపిక్స్, మూడు ఫైనళ్లు, మూడింటిలోనూ తేడా ఒక్క గోల్. రేడియోకు చెవులప్పగించిన తరం హాకీని ప్రాణంగా ప్రేమించిందంటే అందులో ఈ మూడు మ్యాచ్‌ల పాలు చాలా ఉంది.

కొండను ఢీకొట్టినవారికే పేరు

వెస్టిండీస్ 1975, 1979 క్రికెట్ ప్రపంచకప్‌లలో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా విజేత అయింది. 1983లో వాళ్లకు ప్రపంచకప్‌లో తొలి ఓటమి రుచి చూపించింది భారతే, అదీ గ్రూపు దశలో. జూన్ 25న ఫైనల్‌లో 183 పరుగులే చేసి వెస్టిండీస్‌ను 140కే చుట్టేసింది. బెట్టింగ్ సంస్థలు 66-1 ధర కట్టిన జట్టు భారత్. ఎదుట ఉన్నది మామూలు జట్టయితే ఆ కప్పు మన దేశపు క్రికెట్ దిశనే మార్చేంత శక్తిమంతమయ్యేది కాదు.

2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో మళ్లీ అదే జరిగింది. స్టీవ్ వా నాయకత్వంలో ఆస్ట్రేలియా వరుసగా 16 టెస్టులు గెలిచి కోల్‌కతాకు వచ్చింది. మొదటి ఇన్నింగ్స్‌లో 171కే కుప్పకూలిన భారత్ ఫాలో ఆన్ ఆడింది. హైదరాబాదీ వి.వి.ఎస్. లక్ష్మణ్ 281 పరుగులు, రాహుల్ ద్రవిడ్ 180 పరుగులు. నాలుగో రోజంతా ఒక్క వికెట్ పడలేదు. ఇద్దరూ కలిసి 376 పరుగులు జోడించారు. చివరి రోజు హర్భజన్ ఆరు వికెట్లు తీశాడు, భారత్ 171 పరుగులతో గెలిచింది. ఫాలో ఆన్ ఆడి టెస్టు గెలవడం అప్పటికి చరిత్రలో మూడోసారి మాత్రమే. తెలుగునాట ఎంతోమంది పిల్లలు లక్ష్మణ్ మణికట్టును అనుకరించడం మొదలుపెట్టింది ఆ ఇన్నింగ్స్ తర్వాతే.

ఊరికి ఊపిరి పోసిన పోలీసు జట్టు

కొన్ని ఆధిపత్యాలు ఆటను కొత్త చోటికి తీసుకెళ్తాయి. హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఫుట్‌బాల్ అంటే కలకత్తానే అనుకునే రోజుల్లో హైదరాబాద్ పేరు దేశమంతా మోగింది. అదే రహీం శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ ఆడింది. ఒక ఊరి జట్టు బలం ఆ ఊరితోనే ఆగిపోకుండా దేశానికి ఆటగాళ్లను ఇస్తే, దాన్ని ఎవరూ తప్పుపట్టరు.

ఫెరారీ గెలిచింది, జనం ఈలలు వేశారు

2002 ఫార్ములా వన్‌లో ఫెరారీ 17 రేసుల్లో 15 గెలిచింది. ఇంకా ఆరు రేసులు మిగిలుండగానే మైకేల్ షుమాకర్ ఛాంపియన్ అయిపోయాడు. అంతకన్నా ఘోరం ఆస్ట్రియాలో జరిగింది. ముందున్న సహచరుడు రుబెన్స్ బారికెల్లోను వెనక్కి తగ్గమని జట్టు ఆదేశించడంతో, గీత దాటే ముందు అతను షుమాకర్‌కు దారి ఇచ్చాడు. ప్రేక్షకులు ఈలలతో, కేకలతో నిరసన తెలిపారు. జనం భరించలేనిది ఒకరే గెలవడం కాదు, పోరాడకుండా గెలవడం.

2003లో నిబంధనలు మారాయి. జట్టు ఆదేశాలు నిషేధించారు. ఆరుగురికి బదులు ఎనిమిది మందికి పాయింట్లు ఇచ్చారు, మొదటి రెండు స్థానాల మధ్య తేడా తగ్గించారు. ఆ ఏడాది షుమాకర్ మళ్లీ గెలిచాడు, కానీ చివరి రేసు దాకా చెమటోడ్చి, కేవలం రెండు పాయింట్ల తేడాతో.

ఇంకో చిత్రం చూడండి. మెర్సిడెస్ 2014 నుంచి 2021 వరకు వరుసగా ఎనిమిదిసార్లు జట్ల టైటిల్ గెలిచిన కాలంలోనే ఫార్ములా వన్‌కు కొత్త అభిమానులు వెల్లువెత్తారు. 2019లో వచ్చిన నెట్‌ఫ్లిక్స్ సిరీస్ అందుకు పెద్ద కారణం. దాని మొదటి సీజన్‌లో మెర్సిడెస్, ఫెరారీ పాల్గొననే లేదు! కెమెరాలు వెనక వరుస జట్ల వైపు తిరిగాయి. పదో స్థానం కోసం ప్రాణం పెట్టే డ్రైవర్ల కథలు జనాన్ని కట్టిపడేశాయి.

పదకొండేళ్లు ఒక్కరే, అయినా స్టేడియాలు కిటకిట

జర్మనీ ఫుట్‌బాల్ లీగ్ బుండెస్‌లిగాలో బయెర్న్ మ్యూనిక్ 2013 నుంచి 2023 వరకు వరుసగా 11 సార్లు విజేత. సిద్ధాంతం ప్రకారం ఆ లీగ్ ఎండిపోవాలి. కానీ ఆ దశాబ్దంలో, కరోనా ఆంక్షల కాలం మినహాయిస్తే, ప్రపంచంలోని ఫుట్‌బాల్ లీగ్‌లలో సగటున అత్యధికంగా, మ్యాచ్‌కు 40 వేలకు పైగా ప్రేక్షకులు వచ్చింది అక్కడే.

ఎలా సాధ్యమైంది? మొదటిది, అక్కడ చాలా క్లబ్బులలో ఓటింగ్ హక్కుల్లో సగానికి పైగా సభ్యులైన అభిమానుల చేతిలోనే ఉండాలన్న నియమం ఉంది. క్లబ్బు ఏ కోటీశ్వరుడి బొమ్మో కాదు, తమ సొంతం. రెండోది, నిలబడి చూసే స్టాండ్లలో టికెట్లు చవక. డార్ట్‌మండ్ స్టేడియం దక్షిణ స్టాండులో ఒక్కచోటే దాదాపు 25 వేల మంది నిలబడి పాటలు పాడతారు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. కప్పు ఒక్కటే లక్ష్యం కాదు. పైనున్న నాలుగు జట్లకు ఐరోపా ఛాంపియన్స్ లీగ్‌లో చోటు దక్కుతుంది, అడుగునున్నవి కింది డివిజన్‌కు జారిపోతాయి. కాబట్టి పట్టికలో 16వ స్థానంలో ఉన్న ఊరికీ చివరి వారం దాకా గుండె దడే.

2023 మే 27న చివరి రోజు డార్ట్‌మండ్ గెలిస్తే చాలు, కప్పు వాళ్లదే. మైంజ్‌తో 2-2 డ్రా చేసుకుంది. అటు కొలోన్‌లో 89వ నిమిషంలో ముసియాలా గోల్ కొట్టి బయెర్న్‌ను గెలిపించాడు. మరుసటి ఏడాది 1904లో పుట్టిన బేయర్ లెవర్‌కుసెన్ 34 మ్యాచ్‌లలో ఒక్కటీ ఓడకుండా తొలిసారి లీగ్ విజేత అయింది. పదకొండేళ్లు ఓపిక పట్టిన జర్మనీ అభిమానులకు అది దక్కాల్సిన ఫలమే.

ఒలింపిక్స్ నుంచి బయటికి

2004 ఏథెన్స్ ఒలింపిక్స్ మహిళల సాఫ్ట్‌బాల్‌లో అమెరికా తొమ్మిది మ్యాచ్‌లూ గెలిచింది. చేసిన పరుగులు 51, ఇచ్చింది 1. మరుసటి ఏడాదే సాఫ్ట్‌బాల్‌ను 2012 ఒలింపిక్స్ జాబితా నుంచి తొలగించాలని ఒలింపిక్ కమిటీ ఓటు వేసింది. అమెరికా ఏకపక్ష విజయాలూ అందుకు దోహదపడ్డాయన్న మాట గట్టిగా వినిపించింది. వీడ్కోలు టోర్నీ అనుకున్న 2008 బీజింగ్‌లో ఫైనల్‌కు వచ్చిన అమెరికాను జపాన్ 3-1తో ఓడించింది. ఆటకు కావలసిన ఫలితం వచ్చింది, కానీ మూడేళ్లు ఆలస్యంగా!

మూడో పతకం మీకు కాదు

2008 ఒలింపిక్స్‌లో టేబుల్ టెన్నిస్ సింగిల్స్ పతకాలు ఆరింటినీ చైనా ఊడ్చేసింది. దాంతో 2012 నుంచి సింగిల్స్‌లో దేశానికి ఇద్దరే అన్న పరిమితి వచ్చింది. 2012 లండన్‌లో బ్యాడ్మింటన్ స్వర్ణాలు ఐదూ చైనావే. 2016 రియో ఒలింపిక్స్ నాటికి బ్యాడ్మింటన్‌లోనూ సింగిల్స్‌లో గరిష్ఠంగా ఇద్దరే అయ్యారు.

రియో మహిళల బ్యాడ్మింటన్ సింగిల్స్ పతకాలు చూడండి. స్పెయిన్‌కు చెందిన కరోలినా మారిన్, మన పి.వి. సింధు, జపాన్‌కు చెందిన ఒకుహారా. చైనాకు ఒక్కటీ లేదు. సింధు క్వార్టర్ ఫైనల్‌లో ఓడించింది లండన్ రజత విజేత వాంగ్ యిహాన్‌ను. నిబంధన ఒక్కటే ఇంత పని చేయలేదు. 2001లో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ గెలిచిన పుల్లెల గోపీచంద్, హైదరాబాద్‌లో పెట్టిన అకాడమీలో తెల్లవారకముందే మొదలయ్యే శిక్షణ చేసిన పని అది. ఆ ఆగస్టులో తెలుగు ఇళ్లలో బ్యాడ్మింటన్ స్కోరు లెక్కించడం నేర్చుకోని పెద్దవాళ్లు తక్కువ.

చివరి జట్టుకు ముందు వరుస

అమెరికాలో ఎన్ఎఫ్ఎల్ ఈ సమస్యను మొగ్గలోనే తుంచాలనుకుంది. ఫిలడెల్ఫియా జట్టు యజమాని బెర్ట్ బెల్ సూచనతో 1936లో డ్రాఫ్ట్ మొదలైంది. కాలేజీల నుంచి వచ్చే కొత్త ఆటగాళ్లను ఎంచుకునే మొదటి అవకాశం ఆ ఏడాది అడుగున నిలిచిన జట్టుకే. టీవీ హక్కుల డబ్బును జట్లన్నీ సమానంగా పంచుకునే పద్ధతి 1960లలో వచ్చింది. 1994 నుంచి జీతాలకు పరిమితి కూడా పెట్టారు.

ఐపీఎల్ దీన్నే మన పద్ధతిలో చేసింది. వేలంలో అందరికీ ఒకే పర్సు, కొన్నేళ్లకోసారి జట్లన్నిటినీ కలియబెట్టే మెగా వేలం. దాని ఫలితం హైదరాబాద్ అభిమానులకు రెండో ఏడాదే కనిపించింది. 2008లో 14 మ్యాచ్‌లలో రెండే గెలిచి అడుగున మిగిలిన డెక్కన్ చార్జర్స్, 2009లో గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో దక్షిణాఫ్రికాలో కప్పు ఎత్తింది.

2008 నుంచి 2023 వరకు 16 సీజన్లలో పది టైటిళ్లు ముంబై, చెన్నైలవే, చెరి ఐదు. లీగ్ కుంగిందా? 2018-22కు రూ.16,347 కోట్లు పలికిన ప్రసార హక్కులు 2023-27కు రూ.48,390 కోట్లకు ఎగబాకాయి. రెండు పెద్ద జట్లు ఒకదానికొకటి లూయిస్, ష్మెలింగ్ అయ్యాయి.

ఇక బెంగళూరు సంగతి. 2009లో డెక్కన్ చార్జర్స్, 2011లో చెన్నై, 2016లో సన్‌రైజర్స్ చేతుల్లో ఫైనల్ ఓడింది. అంటే మూడింటిలో రెండు దెబ్బలు హైదరాబాద్ జట్లే కొట్టాయి! తొలి కప్పు 2025లో గానీ రాలేదు. ఆ 17 సీజన్లలో సొంత ఊళ్లో మ్యాచ్ జరిగినప్పుడల్లా చిన్నస్వామి స్టేడియం ఎర్ర జెర్సీలతో నిండుతూనే వచ్చింది. 'వచ్చే ఏడాది మనదే' అని నిజంగా నమ్మగలిగే వీలుంటే అభిమాని ఎన్నేళ్లయినా నిలబడతాడు.

లెక్కలు ఏమంటున్నాయి?

1988 నాటి అమెరికా నేషనల్ లీగ్ బేస్‌బాల్ మ్యాచ్‌లను పరిశీలించిన ఆర్థికవేత్తలు 1992లో ఒక ఆసక్తికరమైన సంగతి చెప్పారు. సొంత జట్టు గెలిచే అవకాశం దాదాపు 60 శాతం ఉన్నప్పుడు స్టేడియానికి జనం ఎక్కువగా వస్తున్నారట. అంటే మనవాళ్లే గెలవాలి, కానీ కాస్త భయమూ ఉండాలి. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ మీద 2008లో వచ్చిన పరిశోధన ఇంకో కోణం చూపించింది. అక్కడి స్టేడియం ప్రేక్షకులకు సరిసమానమైన పోరు కన్నా, చిన్న జట్టు పెద్ద జట్టును ఢీకొనే మ్యాచ్ మీదే మోజు ఎక్కువ.

గెలిచిన జట్టు రంగులు వేసుకోవాలన్న తపన కూడా మనిషి సహజ గుణమే. అమెరికాలో రాబర్ట్ చాల్డీని బృందం 1976లో ప్రచురించిన అధ్యయనంలో, కాలేజీ ఫుట్‌బాల్ జట్టు గెలిచిన వారం తర్వాతి సోమవారం విద్యార్థులు కాలేజీ పేరున్న దుస్తుల్లో ఎక్కువగా కనిపించారు.

తేల్చి చెప్పాల్సిన మాట

ఇన్ని ఆటలు, ఇన్ని దేశాలు చూశాక నాకు ఒక్కటే స్పష్టమవుతోంది. ఆధిపత్యం దానికదే ఆటను చంపదు. గొప్ప జట్టును చూడాలని, దాన్ని ఓడించాలని, కనీసం దాని మీద కోప్పడాలని జనం వస్తూనే ఉంటారు. ఆటను చంపేది మిగతా జట్ల అభిమానుల్లో ఆశ ఆరిపోవడం. క్లీవ్‌లాండ్ ఆడిన లీగ్‌లో ఆరిపోయింది, 1965 సిడ్నీలో వెలిగింది. జర్మనీలో పదకొండేళ్లు ఆరకుండా కాపాడుకున్నారు.

కాబట్టి గెలిచే జట్టును తిట్టడం, దాని కాళ్లు కట్టేయడం న్యాయం కాదు. కష్టపడి గెలిచినవారికి గౌరవం దక్కాల్సిందే. న్యాయం జరగాల్సింది ఓడిన జట్ల విషయంలో. డబ్బు పంపకం సమంగా ఉండాలి, కొత్త ఆటగాళ్లు అందరికీ అందాలి, జిల్లా మైదానం నుంచి పైదాకా దారి తెరిచి ఉండాలి, పట్టికలో ప్రతి స్థానానికీ ఒక విలువ ఉండాలి. టోర్నీ నడిపే ప్రతి సంఘమూ ఏటా తనను తాను ఒక ప్రశ్న వేసుకోవాలి: అడుగున ఉన్న జట్టు అభిమాని వచ్చే ఏడాది మళ్లీ టికెట్టు ఎందుకు కొనాలి? దానికి నిజాయతీగా సమాధానం చెప్పగలిగిన లీగ్‌లో ఒకే జట్టు పదేళ్లు గెలిచినా ఫరవాలేదు, ఆట బతుకుతుంది.